అరవై ఆరు రోజుల ఊపిరి

రూపనగుడి నారపకు చదువు రాదు. అయినా బళ్లారి కౌల్ బజార్‌లోని మా పఠన మందిరానికి వచ్చేవాళ్లలో అతనంత శ్రద్ధగా పేపరు విన్న మనిషిని నేను మరొకరిని చూడలేదు.

ఆ పఠన మందిరం వర్తకులు నడిపేది. రెండు బల్లలు, నాలుగు బెంచీలు, గోడకు ఒక దేశపటం. బెజవాడ నుంచి తెలుగు పత్రిక ఒక రోజు ఆలస్యంగా వచ్చేది. బెంగుళూరు నుంచి కన్నడ పత్రిక, మద్రాసు నుంచి ఇంగ్లీషు పత్రిక వచ్చేవి. పొద్దున తలుపు తీయడం, పత్రికలను కర్రలకు బిగించడం, మధ్యాహ్నం ఎండ మండేవేళ అంగళ్లు మందగించినప్పుడు చదువు రానివాళ్లకు వార్తలు పైకి చదవడం నా ఉద్యోగం. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు.

నారపకు నలభై అయిదు దాటి ఉంటాయి. పొట్టి మనిషి. ఛాతీ మాత్రం మద్దెల మాదిరి ఉండేది. ఊళ్లో రెండెకరాల మెట్ట ఉన్నా అతన్ని బతికించింది నల్లరేగడి కాదు, బావులు. బావిలో బిందె పడినా, బొక్కెన పడినా, ఆయిల్ ఇంజను పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు ఊడిపోయినా నారపకు కబురు వచ్చేది. అప్పుడప్పుడు మనుషులు కూడా పడేవాళ్లు. ఆ పనికి వెళ్లొచ్చిన రోజు అతను పఠన మందిరానికి వచ్చినా ఏమీ అడక్కుండా వెళ్లిపోయేవాడు.

అతను ఒంటరిగా మునిగేవాడు కాదు. భార్య ఉరుకుందమ్మ గట్టు మీద కూర్చుని, అతని నడుముకు కట్టిన తాడు రెండో కొస చేతికి చుట్టుకుని, పైకే లెక్కపెట్టేది. తొందర పడదు, సాగదీయదు. రోట్లో రోకలి పడ్డట్టు ఒకే వేగం. నూటపది దగ్గర తాడు ఒకసారి లాగేది. నూట ఇరవై దగ్గర రెండుసార్లు. నూట నలభైకి అతను పైన ఉండాలి. లేకపోతే తనే లాగేస్తుంది. పెళ్లయినప్పటి నుంచి వాళ్ల సంసారం ఆ తాడు మీదనే నడిచిందని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

పందొమ్మిది వందల అరవై ఒకటి, జనవరి ఆఖరున ఒక మధ్యాహ్నం ఇంగ్లీషు పత్రికలో ఒక మూల ఉన్న చిన్న వార్త చదివి తెలుగులో చెప్పాను. అమెరికావాళ్ల జార్జి వాషింగ్టన్ అనే జలాంతర్గామి సముద్రంలో మునిగి, అరవై ఆరు రోజులు పైకి రాకుండా తిరిగి, రేవుకు చేరింది. అణుశక్తితో నడుస్తుంది. లోపల నూరు మందికి పైగా ఉన్నారు. పదహారు క్షిపణులు ఉన్నాయి. నీళ్ల కింద నుంచే వాటిని వదలగలదు.

బెంచీల మీద ఉన్నవాళ్లు వెంటనే క్షిపణుల్ని పట్టుకున్నారు. రష్యావాడు ఊరుకుంటాడా అన్నారు ఒకరు. ప్రపంచం ఇంకెన్నాళ్లులే అన్నారు ఇంకొకరు. నారప గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. జుట్టు ఇంకా తడిగా ఉంది. కంటోన్మెంట్ బంగళాలో ఎవరిదో బొక్కెన తీసి వస్తున్నాడు. మాటలు సద్దుమణిగాక నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అరవై ఆరు దినాలా, అరవై ఆరు గంటలా? సరిగ్గా చూడప్పా" అన్నాడు.

మళ్లీ చూసి, రోజులే అన్నాను.

"నూరు మంది. అన్ని దినాలు ఊపిరి యాడ నుంచి తెచ్చుకుండారు?"

పత్రికలో ఆ సంగతి లేదు. గాలి నింపుకుని వెళ్లుంటారు అన్నాను. అతను నవ్వలేదు, ఎగతాళి చేయలేదు. నింపుకున్న గాలి ఎంతసేపు వస్తుందో తనకు తెలుసనీ, అది ఈ లెక్కకు చాలదనీ నెమ్మదిగా చెప్పి వెళ్లిపోయాడు. నూట నలభై లెక్కకు మించి నీళ్లలో ఉండలేని మనిషికి ఆ వార్త ఎలా వినిపించిందో నాకు ఆ రోజు అర్థం కాలేదు. నాకది ఒక వార్త. అతనికి తన పనిలోనే తనను మించినవాళ్ల సమాచారం.

తర్వాత జరిగింది నేను కళ్లారా చూశాను.

తుంగభద్ర కాలువ కింద కోస్తా నుంచి వచ్చి వరి పండించుకుంటున్న కుటుంబాల క్యాంపులు అప్పటికి బాగా స్థిరపడ్డాయి. రూపనగుడి దారిలో ఒక క్యాంపులో సీతారామారావుగారనే రైతు, ఆయన భార్య హనుమాయమ్మగారు ఉండేవారు. వాళ్ల బావిలో ఇంజను వాల్వు ఊడిపడితే నారప తీసిపెట్టాడు. ఏం కావాలయ్యా అని ఆవిడ అడిగితే, ఒక పూటకు మీ రాగి గంగాళం ఇవ్వమన్నాడు. పెళ్లిళ్లకు నీళ్లు కాచుకునే గంగాళం అది. ఎందుకని అడిగితే దాచకుండా చెప్పాడు. బోర్లించి బావిలోకి దింపుకుని, అందులో తలపెట్టి, లోపలి గాలి పీల్చుకుంటూ ఎంతసేపు ఉండగలడో చూడాలట.

హనుమాయమ్మగారు ఒక క్షణం అతని మొహం చూసి, "ఇస్తాను గానీ నేనూ వచ్చి చూస్తాను" అన్నారు.

ఆదివారం నాడు నేనూ వెళ్లాను. గంగాళాన్ని బోర్లించి నీళ్ల మీద పెట్టి నొక్కితే అది మునగలేదు. నారప దాని మీద ఎక్కితే పక్కకు ఒరిగి, బుడగలు వదిలి, అతన్ని కిందకి తోసేసింది. క్యాంపు ఆడవాళ్లు పమిటలు అడ్డం పెట్టుకుని నవ్వారు. అతనూ నవ్వి, చుట్టూ వల కట్టి, వలలో రాళ్లు వేయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క రాయే వేస్తూ పోగా, ఒక మోస్తరు మనిషి బరువంత రాయి పడ్డాక గంగాళం కుదురుగా దిగింది. గాలిని నీళ్లలో ముంచాలంటే ఇంత బరువు కావాలా అని సీతారామారావుగారు గట్టు మీద నుంచి ఆశ్చర్యపోయారు.

నారప దిగాడు. ఉరుకుందమ్మ లెక్క మొదలుపెట్టింది. నూట నలభై దాటింది. ఆమె గొంతు మారలేదు గానీ తాడు చుట్టుకున్న పిడికిలి తెల్లబడింది. రెండు వందలు. రెండు వందల యాభై. నీళ్లు కదలడం లేదు. మూడు వందల పది దగ్గర ఆమె ఒక్కసారిగా లాగేసింది. అతను పైకి వచ్చి గట్టు పట్టుకుని చాలాసేపు రొప్పాడు. కళ్లు ఎర్రబడ్డాయి. తల పగిలిపోతోందన్నాడు.

కాస్త తేరుకున్నాక అతను చెప్పిన మొదటి మాట గెలిచానని కాదు. కిందికి దిగేకొద్దీ నీళ్లు గంగాళంలోకి జానెడు ఎక్కివచ్చాయట, గాలి ముడుచుకున్నట్టు. అది ఒక సంగతి. రెండోది అతన్ని ఇంకా తికమకపెట్టింది.

"ముక్కు ముందర గాలి ఉండాది. తీసుకుంటాండా. కానీ దాంట్లో ఊపిరి లేదు. ఇదేందప్పా?"

కంటోన్మెంట్‌లో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పే పద్మనాభ మేష్ట్రు దగ్గరికి అతన్ని తీసుకెళ్లాను. మేష్ట్రు కన్నడం, తెలుగు కలిపి మాట్లాడే మనిషి. గంగాళం కథ విని, నువ్వు ఇంకో నూరు లెక్క ఉంటే ఈ ప్రశ్న అడగడానికి ఉండేవాడివి కాదన్నాడు. తర్వాత తాంబూలం సున్నాన్ని నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైనున్న నీటిని గాజు గ్లాసులోకి వంచాడు. బొప్పాయి కాడ ఒకటి తెంపించి, దాంతో ఆ నీళ్లలోకి ఊదమన్నాడు. నారప ఊదాడు. తేట నీళ్లు మజ్జిగ మాదిరి తెల్లబడ్డాయి.

మనం విడిచే ఊపిరిలో ఉండే వాయువే అలా చేస్తుందని మేష్ట్రు చెప్పాడు. గంగాళంలో గాలి తగ్గిపోలేదు, అందులోని మంచిదాన్ని నువ్వు వాడుకుని చెడ్డదాన్ని నింపావు అన్నాడు. నారప ఆ గ్లాసును ఎండకు ఎత్తి తిప్పి తిప్పి చూశాడు. ఇన్నేళ్లూ తనలోంచి ఇది బయటికి పోతున్నదా అని అడిగాడు. అందరిలోంచీ అని చెప్పాడు మేష్ట్రు.

మరుసటి వారం మళ్లీ వెళ్లాం. ఈసారి మేష్ట్రు బ్యాటరీలు, రెండు తీగలు, నీళ్లలో బోర్లించిన రెండు గాజు గొట్టాలు సిద్ధం చేశాడు. నీళ్లలో రెండు చుక్కల యాసిడ్ వేశాడు. తీగల కొసల నుంచి సన్నని బుడగలు లేచాయి. ఒక గొట్టం నిండేసరికి రెండోది సగమే నిండింది. ఆ సగం గొట్టంలోకి, ఆర్పేసి ఇంకా కణకణమంటున్న అగ్గిపుల్ల పెడితే అది భగ్గున మండింది. నీళ్లను కరెంటుతో విడగొడితే మనకు కావలసిన వాయువు వస్తుందనీ, అణుశక్తితో కరెంటుకు కొదవ లేదు గనుక ఆ ఓడలు ఇలాగే చేయవచ్చనీ మేష్ట్రు చెప్పాడు. తనకూ రూఢిగా తెలియదనీ ఒప్పుకున్నాడు.

ఇరవై ఆరేళ్లు తను ఊపిరి బిగపట్టింది ఊపిరితో నిండిన నీళ్లలోనేనా అన్నాడు నారప. ఆ మాటకు మేష్ట్రు చేస్తున్న పని ఆపి అతనికేసి చూశాడు.

రూఢిగా తెలుసుకోవాలని నేను మద్రాసులోని అమెరికా సమాచార కార్యాలయానికి ఉత్తరం రాశాను. రూపనగుడి వాస్తవ్యుడు ఒకరు మీ జలాంతర్గామిలో గాలి సంగతి తెలుసుకోగోరుతున్నారని రాశాను. మూడు నెలలకు ఒక పుస్తకం వచ్చింది. పలచగా ఉన్నా మంచి కాగితం. మధ్యలో విప్పితే రెండు మూరల బొమ్మ. ఓడను నిలువునా కోసినట్టు, లోపలి గదులన్నీ కనిపిస్తున్నాయి.

ఆ బొమ్మతో నారపకు ఒక ఊరు దొరికినట్టయింది. వారానికి రెండు మూడు సార్లు వచ్చి దాని ముందు కూర్చునేవాడు. నేను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి చెప్పేవాణ్ణి. వంటగది, అరల మాదిరి ఒకదాని మీద ఒకటి పడకలు, అణుకొలిమి, దానికి ఇటుపక్క మనుషులకు దాని కిరణాలు సోకకుండా మందపు గోడ. విడిచిన ఊపిరిని ఒక మందునీళ్లలోంచి పంపి కడిగే యంత్రం. దీని గురించి చదివినప్పుడు నారప తొడ చరిచి, సున్నం నీళ్లే కదప్పా అన్నాడు. కాదు, అలాంటిదే ఇంకేదో అని ఉందన్నాను. అతనికి ఆ తేడా పట్టలేదు.

ఆ ఓడ పుట్టిన తీరు అతనికి మరీ నచ్చింది. మొదట అది ఇంకో రకం చిన్న ఓడగా తయారవుతూ ఉండిందట. తొందరలో దాన్నే మధ్యకు కోసి, రెండు ముక్కలనూ దూరం జరిపి, క్షిపణులుండే నూటముప్పై అడుగుల ముక్కను నడుమ అతికారు. బండికి నొగలు పొడిగించినట్టు చేసినారే అన్నాడు.

పొడవు మూడు వందల ఎనభై అడుగులని చదివితే అతనికి అది కంటికి ఆనలేదు. ఒక ఆదివారం ఉదయం కంటోన్మెంట్ మైదానానికి ఉరుకుందమ్మను వెంటబెట్టుకొచ్చాడు. బావి తాడుతో కొలిచి, ఆ పొడవూ, ముప్పైమూడు అడుగుల వెడల్పూ నేల మీద ముగ్గుపొడితో గీశాడు. వంటగది ఎక్కడో, పడకలెక్కడో నేను పుస్తకం చూసి చెబుతుంటే గీతలు పెట్టాడు. నడుమ రెండు వరుసల్లో పదహారు సున్నాలు చుట్టాడు. పుస్తకం ప్రకారం ఒక్కో గొట్టం ముప్పై అడుగుల దాకా లోతు, లోపల ఒక మనిషి చేతులు చాపితే రెండు పక్కలా తగిలే వెడల్పు.

"ఇవి పదహారు బావులు" అన్నాడు, నడుం పట్టుకుని నిలబడి.

ఒక్కొక్క బావిలో ఏముంటుందో అప్పుడు చెప్పాను. ఒత్తిన గాలి ఒక్కసారిగా తోస్తే క్షిపణి నీళ్లను చీల్చుకుని పైకి లేస్తుందనీ, నీళ్లు దాటాకే దానికి నిప్పు అంటుకుంటుందనీ, ఒక్కటి పడితే బళ్లారి, కంటోన్మెంట్, కౌల్ బజార్, కోటగుట్ట ఏదీ మిగలదనీ. నేనిది ముందే చెప్పి ఉండాల్సింది. పఠన మందిరంలో అందరూ వంద సార్లు మాట్లాడుకున్న సంగతే. కానీ నారప ఇప్పటిదాకా దాన్ని వినలేదనిపించింది. అతను గీతల నడుమ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి వచ్చాడు.

మరి అరవై ఆరు రోజుల్లో ఎన్ని వదిలారని అడిగాడు. ఒక్కటీ వదల్లేదన్నాను. మరి ఏం చేశారని అడిగాడు. దాక్కున్నారన్నాను. ఎవరికీ కనబడకుండా, చప్పుడు లేకుండా తిరగడమే వాళ్ల పని. వాళ్లు ఉన్నారన్న భయంతో అవతలివాడు ఊరుకోవాలి. వదలాల్సి వచ్చిందంటే వచ్చిన పని చెడినట్టే. ఇంటికి వచ్చాక ఆ ఓడనే ఇంకో జట్టు తీసుకుని మళ్లీ దిగుతుంది. ఓడకు రెండు జట్లు.

"పని జరగకుండా ఉండడానికి అంత పనా?" అన్నాడు. అది విమర్శ కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ముగ్గుగీత మీద కూర్చుని ఉన్న ఉరుకుందమ్మ అడిగింది వేరు.

"అన్ని దినాలు పైన తాడు పట్టుకోనుండేది ఎవరు?"

పుస్తకం తిరగేశాను. ఒకచోట నాలుగు వాక్యాలు కనిపించాయి. ఇంటివాళ్లు అప్పుడప్పుడు కొద్ది మాటల్లో కబురు పంపవచ్చు. అది ఓడకు అందుతుంది. ఓడ నుంచి జవాబు రాదు. జవాబు పంపితే ఎక్కడున్నదీ బయటపడుతుంది. అది వినిపిస్తే ఆమె, ఈ పక్క నుంచి లాగొచ్చు, ఆ పక్క నుంచి లాగరాదు, అంతేనా అంది. అంతే అన్నాను. ఆ ఆడవాళ్లు ఎంత వరకు లెక్కపెడతారో పాపం అని లేచి చీరకంటిన ముగ్గు దులుపుకుంది.

ఆ మరుసటి ఏడు చైనా యుద్ధం వచ్చింది. పఠన మందిరంలో నిలబడే చోటు ఉండేది కాదు. ఆ ఓడ మన పక్కకు వస్తుందా అని ఒకరిద్దరు నారపను అడిగేవాళ్లు, అది అతని సొంతమైనట్టు. అతను నవ్వి ఊరుకునేవాడు. బొమ్మ చూడటానికి మాత్రం వస్తూనే ఉన్నాడు. మడతల దగ్గర చిరిగితే గుడ్డముక్క అంటించాను.

అరవై నాలుగులో ఇంకో చిన్న వార్త కనబడింది. ఆ ఓడ మొదటి విడత గస్తీలు ముగించుకుని, ఇంధనం మార్పించుకోవడానికి రేవుకు వెళ్లింది. నాలుగైదేళ్లు ఒకే ఇంధనంతో నడిచిందన్న మాట. నారప ఇంధనం గురించి అడగలేదు. ఆ ఓడ ఎన్నాళ్లు బతుకుతుందని అడిగాడు.

పద్మనాభ మేష్ట్రు ఒక ఇనుప తీగ తీసుకుని అటూ ఇటూ వంచుతూ చెప్పాడు. ఓడ లోతుకు దిగినప్పుడల్లా నీళ్ల బరువుకు దాని ఒళ్లు కాస్త నొక్కుకుంటుంది, పైకి వచ్చినప్పుడు వదులవుతుంది. కంటికి కనపడదు. కానీ ప్రతిసారీ ఇనుము దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ఎన్నేళ్లన్నదే కాక, ఎన్నిసార్లు లోతుకు దిగిందన్నదీ లెక్కలోకి వస్తుంది. ఇరవై, ఇరవై అయిదేళ్లు రావచ్చు. అంతలో తీగ పుటుక్కున తెగింది.

నారప కుడిచెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ చెవి వినపడటం మానేసి అప్పటికే రెండేళ్లయిందని అతను మాకు చెప్పింది ఆ రోజే. అడుగుకు దిగినప్పుడల్లా అందులో గునపం దించినట్టు ఉంటుందట. ఎన్నిసార్లు దిగి ఉంటావని మేష్ట్రు అడిగితే, దాన్ని ఉరుకుందమ్మ కూడా లెక్కపెట్టలేదన్నాడు.

అరవై అయిదులో వానలు రాలేదు. ఆ మరుసటి వేసవికి బావులు అడుగంటాయి. మునిగే పనే లేకుండా పోయింది. పాడుపడిన బావుల్ని కూడా పూడిక తీసి లోతు చేయించడం మొదలుపెట్టారు. రూపనగుడి పొలిమేరలో పదేళ్లుగా కంప కప్పి ఉన్న ఒక బావిని పక్కీరప్ప, అతని తమ్ముడు హులిగెప్ప గుత్తకు తీసుకున్నారు. నలభై అడుగుల బావి. అడుగున కుళ్లిన ఆకు, కొద్దిపాటి బురద. ఒక పొద్దున పక్కీరప్ప ముందు దిగాడు. పార అడిగాడు. పార దింపేలోగా కింద నుంచి మాట ఆగిపోయింది. వంగి చూస్తే బురద మీద పక్కకు ఒరిగి ఉన్నాడు.

నేను ఆ రోజు అక్కడ లేను. తర్వాత నలుగురి నోటా విన్నది ఒకటే కాబట్టి చెబుతున్నాను. నారప పొలం దగ్గరే. కేకలు విని భార్యాభర్తలిద్దరూ పరుగెత్తుకొచ్చారు. హులిగెప్ప అప్పటికే తాడు పట్టుకుని ఒక కాలు లోపల పెట్టాడు. బావిలో ఏదో పట్టిందనీ, నిమ్మకాయ కోయాలనీ కొందరు అంటున్నారు. నారప హులిగెప్పను రెక్క పట్టి వెనక్కి లాగి, లాంతరు వెలిగించి దింపమన్నాడు. ఇరవై అడుగులు పోయేసరికి దీపం ముడుచుకుంది. ఇంకో రెండు బారలకు ఆరిపోయింది.

"దీపం బతకని తావున నువ్వూ బతకవు. ఈడ గాలి ఉండాది, ఊపిరి లేదు. నువ్వు దిగితే ఇద్దర్ని తీయాల" అన్నాడు.

హులిగెప్ప విడిపించుకోబోతే ఉరుకుందమ్మ అతని ముందు అడ్డంగా కూర్చుంది.

అప్పుడు నారప ఒక పని చేశాడు. అది ఆ ఊళ్లో ఎవరికీ తట్టనిది. నీళ్లు లేని ఆ బావిని నీళ్లు నిండిన బావిగా లెక్కకట్టాడు. నడుముకు తాడు కట్టుకున్నాడు. రెండో తాడు చేతికి తీసుకున్నాడు. మునగబోయే ముందు చేసినట్టే నాలుగుసార్లు గుండె నిండా తీసి వదిలి, అయిదోది బిగపట్టాడు. నలుగురు మగవాళ్లు తాడు జార్చారు. ఉరుకుందమ్మ ఒకటి అంది.

ఇరవై అయిదుకు అతని కాళ్లు బురదకు తగిలాయి. పక్కీరప్ప బరువైన మనిషి, బురద అంటి జారిపోతున్నాడు. చంకల కింద తాడు వేసి ముడివేయడానికి రెండుసార్లు తప్పింది. పైనున్నవాళ్లకు అతని వీపు కదలడం కనిపిస్తోంది, చేతులు కనిపించడం లేదు. డెబ్బై. ఎనభై. ఎనభై ఎనిమిది దగ్గర తాడు మూడుసార్లు కదిలింది. మొదట పక్కీరప్పను లాగారు, వెంటనే నారపను. నూట పద్దెనిమిదికి అతని తల గట్టు దాటింది. ఊపిరి వదిలిన చప్పుడు పొలం అవతలికి వినిపించిందంటారు.

నీళ్లలో పడ్డవాళ్లకు చేసినట్టే పక్కీరప్పను బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కుతూ పోయాడు. చాలాసేపటికి ఒక దగ్గు వచ్చింది. తర్వాత మూలుగు. ఎద్దుల బండి మీద బళ్లారి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మూడో రోజుకు లేచి కూర్చుని ఎందుకు ఇంత తలనొప్పి అని అడిగాడు. ఆ తలనొప్పి తనకు తెలుసన్నాడు నారప.

ఆ వేసవి అంతా అతను బావి పని చేసే జట్ల దగ్గరికి తిరిగాడు. ఎవరూ పిలవకుండానే వెళ్లేవాడు. ముందు దీపం దింపండి, ఆరితే దిగవద్దు, కంపకొమ్మలు దించి ఎత్తి గాలి కలపండి, కమ్మరి తిత్తికి గొట్టం తగిలించి కిందకి ఊదండి అని చెప్పేవాడు. పాతవాళ్లు కొందరికి దీపం సంగతి ముందే తెలుసు. ఎందుకు ఆరుతుందో మాత్రం తెలియదు. బొప్పాయి కాడ, సున్నపు నీళ్లు వెంట తీసుకుపోయి వాళ్లందరి చేతా ఊదించేవాడు. గ్లాసు తెల్లబడితే గడ్డం నెరిసినవాళ్లు కూడా ఇంకోసారి ఊదుతామని అడిగేవాళ్లట.

కరువు పనుల మీద వచ్చిన ఒక ఓవర్సీయరుకు ఈ సంగతి తెలిసింది. బావుల పనికి జాగ్రత్తలు చెప్పే మనిషిగా నారపను కొన్నాళ్లు పెట్టుకుందామని కాగితం రాయబోయాడు. ఈ విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగాడు. నారప ఉన్నదున్నట్టు చెప్పాడు. జార్జి వాషింగ్టన్ ఓడ, హనుమాయమ్మగారి గంగాళం, పద్మనాభ మేష్ట్రు గాజు గొట్టాలు, కంటోన్మెంట్ మైదానంలో పదహారు బావులు. ఓవర్సీయరు నవ్వి, విద్య ఎక్కడిదన్న గడిలో వంశపారంపర్యం అని పైకి అంటూ రాసుకున్నాడు.

మర్నాడు నారప పఠన మందిరానికి వచ్చి ఆ మాటకు అర్థమేమిటని అడిగాడు. తాతతండ్రుల నుంచి వచ్చిందని అర్థం అన్నాను. అతనికి కోపం రాలేదు. మా నాయనకు ఈతే రాదు కదప్పా అన్నాడు. బెంచీ మీద కూర్చుని, ఈ రోజు పేపర్లో ఏముందో చదవమన్నాడు.